కోస్తా కుర్రోడికి జవాబు

నాంపల్లి స్టేషన్ ముందు రోడ్డు దాటి అబిడ్స్ వైపు కాస్త నడిస్తే, రెండు లాడ్జీల మధ్య ఒక ఇరుకు మెట్లదారి ఉండేది. మెట్ల కింద సూట్‌కేసులకు జిప్పులు వేసే అతను కూర్చునేవాడు. పైన శశికిరణ్ నడిపే ఇంటర్నెట్ సెంటరు. ఎనిమిది కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ అడ్డాలు, గంటకు పదిహేను రూపాయలు. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూసి, పోలీసులు పెట్టమన్న రిజిస్టర్లో పేరు రాయించుకుని, ఖాళీగా ఉన్న కంప్యూటరు చూపించడం డోర్కాస్ ఉద్యోగం. అందరూ అంతే అనుకునేవారు. అది సగం ఉద్యోగమే. మిగతా సగం తిట్టడం.

తిట్టడమంటే నోటితో కాదు. డోర్కాస్ గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. మెదక్ దగ్గర పల్లెబడిలో చదువుకుని, పట్నం వచ్చి చర్చివాళ్ళ హాస్టల్లో ఉంటూ తెలుగు టైపింగ్ నేర్చుకుంది. నలుగురు మాట్లాడుతుంటే ఒక మూలన చేతులు కట్టుకుని వినే మనిషి. అలా వినీ వినీ లోపల పేరుకున్నదేదో, కాగితం మీద పెడితే మాత్రం మంచి ఘాటుగా వచ్చేది. ఒక మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు, సెంటరుకు వచ్చేవాళ్ళ గురించి తోచింది టైపు చేసుకుంటుంటే శశికిరణ్ వెనక నిలబడి చదివాడు. చదివి పడీపడీ నవ్వాడు.

"ఇన్నాళ్ళూ ఇది లోపలెక్కడ దాచావమ్మా?" అన్నాడు.

అట్లా పుట్టింది 'నోటిదురద' అనే బ్లాగు. రచయిత పేరు కరక్కాయ. శశికిరణ్ పెట్టిన పేరే. తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే గుంపులు కడుతున్న రోజులు. డోర్కాస్ వాళ్ళనే మొదట పట్టుకుంది. 'బ్లాగు పెట్టిన మొదటి రోజు, ఇది నా తొలి ప్రయత్నం, ఆశీర్వదించండి అని రాస్తారు. రెండో రోజు, ఒక్కరూ వ్యాఖ్య పెట్టరేం అని రాస్తారు. మూడో రోజు, ఈ బ్లాగులోకం నుంచి శాశ్వతంగా సెలవు అని రాస్తారు. నాలుగో రోజు, అభిమానుల కోరిక మేరకు మళ్ళీ వచ్చాను అని రాస్తారు' అని రాస్తే ఆ ఒక్క రోజే మూడు వందల మంది చదివారు. పార్టీ మారిన ఎమ్మెల్యే మీద రాస్తూ, 'ఆయన కండువా మార్చాడని గోల పెడతారెందుకు, మెడ అదేగా' అంది. ఇంట్లో కూర్చుని నెలకు ముప్పై వేలు సంపాదించే విద్య నేర్పుతానన్న ఒక పెద్దమనిషి మీద, 'ఆ విద్య అంత బాగా పనిచేస్తే ఆయన ఇంట్లో కూర్చోక, అద్దెకట్టి మూడో అంతస్తులో కూర్చుని మన మూడు వేల కోసం ఎందుకు చూస్తున్నాడు?' అని అడిగింది.

అడిగింది గానీ, శశికిరణ్ చేస్తున్నదీ అదే. బ్లాగు పక్కన ప్రకటనలు పడతాయి. చదివేవాళ్ళు వాటిమీద నొక్కితే పైసలు పోగవుతాయి. వంద డాలర్లు నిండితే అమెరికా నుంచి చెక్కు వస్తుంది. తెలుగు పేజీ మీద ప్రకటనలు సరిగా పడవని, ప్రతి వ్యాసం అడుగునా ఇంటి అప్పు, విదేశీ చదువు లాంటి మాటలు ఇంగ్లీషులో చేర్చేవాడు. కరక్కాయ ఎంత తిట్టినా కింద ఇంటి అప్పుల ప్రకటన చల్లగా మెరుస్తూ ఉండేది.

ఒక చెక్కు వచ్చింది. రెండోది ఎంతకీ నిండలేదు.

"వ్యాసం చదివి నవ్వుకుని వెళ్ళిపోతున్నారు, డోర్కాస్. అక్కడే వస్తోంది చిక్కు. అదే కింద గొడవ జరుగుతుంటే గంటకోసారి వచ్చి చూస్తారు," అన్నాడు శశికిరణ్.

గొడవకు ఆ రోజుల్లో కరువు లేదు. రాష్ట్రం రెండు కావాలా, ఒకటిగా ఉండాలా అన్న మాట కదిపితే చాలు, ఎక్కడివాళ్ళక్కడ అంటుకునేవారు. అందుకని డోర్కాస్‌కు ఇంకో రెండు పేర్లు వచ్చాయి. ఉండాలనేవాడు కోస్తా కుర్రోడు. విడిపోవాలనేవాడు గోల్కొండ పోరడు. ఆమె పొద్దున ఒకటో నంబరు కంప్యూటరు మీద కోస్తా కుర్రోడై నాలుగు మాటలు వదిలేది. టీ తాగి వచ్చి, ఐదో నంబరు మీద గోల్కొండ పోరడై వాటికి రెండింతలు వడ్డించేది. మొదటి నెల సరదాగానే ఉంది. తర్వాత సరదా పోయి పనైంది. రాత్రి హాస్టల్లో పళ్ళెం ముందు కూర్చుంటే, వాళ్ళిద్దరూ ఇంకా లోపల కొట్లాడుకుంటూనే ఉండేవారు. పక్కమంచం పిల్ల ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు. రోజంతా మాట్లాడిన మనిషిలా అలిసిపోయేది, ఒక్క మాట మాట్లాడకుండానే.

అట్లాంటప్పుడు వచ్చాడు వెంకటనర్సయ్య.

బజార్‌ఘాట్‌లో ఉంటాడు. లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో టపాలు తీసుకునే గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పెన్షను కాగితమేదో ప్రింటు తీయించుకోవడానికి వచ్చి, ప్రింటరు వేడెక్కేలోగా పక్క కంప్యూటరులో కనబడుతున్న గొడవను మెల్లగా కూడబలుక్కుని చదివాడు.

"గిదేంది బిడ్డా, పేపరా?"

"కాదు సార్. బ్లాగంటరు. ఎవరైనా రాయొచ్చు."

"ఎవరన్న రాస్తరు, మంచిగనే ఉన్నది. మరి జవాబు ఎవరిస్తరు?"

"ఇచ్చేటోళ్ళు ఇస్తరు సార్. లేకుంటే లేదు."

ఆ మాట ఆయనకు నచ్చలేదు. ముప్పైమూడేళ్ళు ఆయన చేసిన పని ఒకటే. వచ్చిన ప్రతి కాగితానికి నంబరు వేయడం, దానికి జవాబు పోయిందాకా వెంటపడటం. పైఅధికారులు విసుక్కునేవారట. మంత్రిగారి ఉత్తరమైనా, బోరింగు చెడిపోయిందని పల్లెటూరి మనిషి రాసిన పోస్టుకార్డైనా ఆయనకు ఒకటే.

"కాగితం రాసినోడు, జవాబు పోయిందాంక గా కాగితం కాడ్నే నిలబడి ఉంటడు బిడ్డా," అని చెప్పాడు. "గీ కోస్తా కుర్రోడంట, మూడు దినాలాయె అడిగి. ఎవ్వరు సక్కగ చెప్తలేరు. తిడుతున్నరు గంతే. నేను చెప్తా, జర రాసిపెట్టు."

ఆయన చెప్పాడు, డోర్కాస్ టైపు చేసింది. 'శ్రీయుత కోస్తా కుర్రోడు గారికి. తమరి లేఖ అందినది. అందలి విషయము పరిశీలించడమైనది. తమరు లేవనెత్తిన మూడు అంశములకు జవాబులు ఈ క్రింద పొందుపరచడమైనది.' చదివేవాళ్ళు విరగబడి నవ్వారు. ఆయనకు సర్క్యులర్ తాత అని పేరు పెట్టారు. ఎవరేమన్నా ఆయన వారానికి మూడుసార్లు మెట్లెక్కి వచ్చేవాడు. నాలుగో నంబరు ముందు డోర్కాస్‌ను కూర్చోబెట్టి, తాను ప్లాస్టిక్ కుర్చీలో పక్కన కూర్చుని చెప్పేవాడు. చేతిలో ఒక నోటుబుక్కు. అందులో కోస్తా కుర్రోడి ప్రతి వ్యాఖ్యకూ ఒక నంబరు, తారీఖు. ఆయన మెట్లు దిగి వెళ్ళాక, ఆమె ఒకటో నంబరు దగ్గర కూర్చుని, తన చేత్తో టైపు చేసిన ఆ జవాబుకే తిరుగు జవాబు రాసేది. కష్టంగా ఏమీ ఉండేది కాదు. ఎక్కడ నొక్కితే ఆయనకు ఉడుకుతుందో పక్కనే కూర్చుని చూసిందిగా.

ఒకసారి మాత్రం నోరు పెగుల్చుకుని అంది.

"సార్, గా కుర్రోడు ఎవరో ఏమో. ఊకె తిట్టేటోడు లెక్క ఉన్నడు. ఇడిసిపెట్టున్రి."

"తిట్టినా ఉత్తరం ఉత్తరమే గద," అన్నాడాయన. "నువ్వు ఫికర్ చెయ్యకు. నేను రిటైరైన మనిషిని. నాకిప్పుడు ఉత్తరాలు ఎవరు రాస్తున్నరు?"

ఆమె మళ్ళీ మీటల మీద వేళ్ళు పెట్టింది.

వేసవి మొదట్లో ఒకరోజు శశికిరణ్ బ్యాంకు కాగితమేదో నింపుతూ మధ్యలో ఆగి, ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా, సొంతూరు అన్నచోట ఏం రాయాలి?" అని అడిగాడు. అటునుంచి వాళ్ళమ్మ చాలాసేపు ఏదో చెప్పింది. ఫోను పెట్టేసి నవ్వాడు. "మా తాత ఆఫీసుతో పాటు యాభై ఆరులో వచ్చాడు. ఆ ఊళ్ళో ఇప్పుడు మాకు తెలిసిన కుక్క కూడా లేదంట. ఏ పేరు రాస్తే ఏంటిలే," అని హైదరాబాదు అని రాసి సంతకం పెట్టాడు.

అతను మర్చిపోయాడు. డోర్కాస్ మర్చిపోలేదు. ఆ సాయంత్రం గోల్కొండ పోరడి పేరుతో, పొండి పొండి అని తానే రాసిన మాటకు కోస్తా కుర్రోడై ఇట్లా జవాబు పెట్టింది.

'పొమ్మంటున్నారు, సరే. ఎక్కడికో కూడా చెప్పండి. మా తాత యాభై ఆరులో ఒక ట్రంకు పెట్టెతో వచ్చాడు. ఆయన్ని ఇక్కడే కాల్చాం. కాగితంలో సొంతూరు అన్నచోట ఏం రాయాలో మా అమ్మను అడగాల్సి వచ్చింది. ఆ ఊళ్ళో నాకు తెలిసిన కుక్క కూడా లేదు.'

రాసి ఇంకోసారి చదువుకుంది. వాదనకు బాగా పనికొస్తుందిలే అనుకుని లేచింది.

మర్నాడు వెంకటనర్సయ్య వచ్చాడు. తెర మీదికి వంగి ఆ మాటలు రెండుసార్లు చదివాడు. నోటుబుక్కు తెరవలేదు. "ఇయ్యాల ఒద్దు బిడ్డా," అని పదిహేను రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజులూ మెట్ల మీద చెప్పుల చప్పుడైతే డోర్కాస్ తల తిప్పి చూసింది.

ఐదో రోజు వచ్చి, కుర్చీ దగ్గరకు లాక్కుని, "రాయి," అన్నాడు.

"శ్రీయుత కోస్తా కుర్రోడు గారికి..." అని ఆమె మొదలుపెట్టబోయింది.

"గవన్ని ఒద్దు. బాబూ అని పెట్టు."

ఆయన మెల్లగా చెప్పాడు. 'బాబూ, నాది మంజీర ఒడ్డు ఊరు. సింగూరు డ్యామ్ కట్టినంక నీళ్ళల్ల పోయింది. మా ఇల్లు, మా బడి, మా నాయన సమాధి అన్నీ నీళ్ళ కిందనే ఉన్నయి. గా నీళ్ళు పైపుల పొంటి పట్నం వస్తయి. నువ్వు పొద్దుగాల నల్లా తిప్పితే వచ్చేది మా ఊరి మీదికెల్లి వచ్చిన నీళ్ళే కావచ్చు. కాగితంల నేను ఇంకా గా ఊరి పేరే రాస్తున్న. నీకు పోనీకి ఊరు లేదన్నవు. నాకూ లేదు. ఇన్నొద్దులు నేను చెప్పిన జవాబులల్ల గీ ఒక్క ముచ్చట చెప్పలే. వచ్చే ఆదివారం పదకొండు గంటలకు అబిడ్స్‌ల పెద్ద పోస్టాఫీసు ముందట ఉంటా. తెల్ల అంగీ, చేతిల నల్ల గొడుగు. ఒక చాయ తాగుదాం. వాదన పెట్టుకోను.'

డోర్కాస్ వేళ్ళు రెండుమూడు చోట్ల తప్పు అక్షరాల మీద పడ్డాయి. దిద్దుకుంది.

"వస్తడంటవా బిడ్డా?"

"ఏమో సార్," అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆయన దిగి వెళ్ళిన అరగంటకు శశికిరణ్ అది చదివి, బల్లమీద చరిచాడు.

"రమ్మను. వస్తానని రాయి."

"ఎవరు పోతరు సార్?"

"ఎవరూ వెళ్ళరు. నేను ఎదురుగా నిలబడి ఫోన్లో ఫొటోలు తీస్తా. పదకొండింటికొకటి, పదకొండున్నరకొకటి, పన్నెండుకొకటి. 'సర్క్యులర్ తాత ఎదురుచూపులు' అని కరక్కాయ ఒక వ్యాసం రాస్తే ఇక చూస్కో. చెక్కు ఈ నెల్లోనే నిండుతుంది."

"పెద్దాయన సార్. పాపం."

"పాపమేముంది? మనం కొట్టామా, తిట్టామా? ఆదివారం పూట అబిడ్స్‌లో కాసేపు నిలబడతాడు. పుస్తకాలు చూసుకుంటాడు. వెళ్ళిపోతాడు." గొంతు తగ్గించాడు. "చూడు, నిన్ను ఇబ్బంది పెట్టాలని కాదు. కంప్యూటర్ల మీద అద్దె కూడా రావట్లేదు. నీ జీతం ఎక్కడ్నుంచి వస్తోందనుకున్నావ్?"

అది నిజమే. ఆ జీతంలో సగం హాస్టలుకు పోతుంది. మిగతాది తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. డోర్కాస్ ఒకటో నంబరు దగ్గరకు వెళ్ళి ఒక్క మాట టైపు చేసింది. 'వస్తాను.'

శనివారం వెంకటనర్సయ్య ప్రత్యేకంగా ఆ మాట చూడటానికే వచ్చాడు. చూసి, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

"ఒక్క మాటనే పెట్టిండు. మంచోడే ఉంటడు," అన్నాడు. "గాని బిడ్డా, ఆంధ్రోళ్ళు కాఫీ తాగుతరంటరు గద. గాడ కాఫీ దొరుకుతదా?"

"సార్, గా పిలగాడు..." అని డోర్కాస్ ఆగింది. కౌంటరు దగ్గర ఎవరో కార్డు పట్టుకుని తొందరపెడుతున్నారు. వెళ్ళి రిజిస్టరు రాయించుకుని తిరిగి వచ్చేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. ఆమె పిలవలేదు.

ఆదివారం చర్చిలో ప్రసంగం సగంలో ఉండగా లేచి వచ్చేసింది. అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు మూసి ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు గుట్టలు పోసి ఉన్నాయి. జనం వంగి, చతికిలబడి వెతుక్కుంటున్నారు. డోర్కాస్ ఒక గుట్ట దగ్గర పాత వారపత్రికలు తిరగేస్తూ నిలబడింది. ఏం చేయాలని వచ్చిందో ఆమెకే తెలియదు. చూసిపోదామని వచ్చాననుకుంది.

ఆయన ముందే వచ్చి ఉన్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ మడతలతో ఉంది. అప్పుడే గీయించుకున్న గడ్డం. గొడుగు మూసి, అందరికీ కనబడేటట్టు ఛాతీకి అడ్డంగా పట్టుకున్నాడు. రోడ్డుకు అవతల, నిలిపి ఉన్న స్కూటరు మీద కూర్చుని శశికిరణ్ ఫోన్లో ఏదో చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

పదకొండైంది. పాతిక ముప్పై ఏళ్ళ కుర్రాడు ఎవరు అటు వస్తున్నా ఆయన ముఖం కొంచెం విచ్చుకునేది. వాడు దాటిపోయాక మళ్ళీ సర్దుకునేది. పదకొండుంబావుకు, భుజాన సంచి వేసుకున్న కుర్రాడొకడు ఆగి ఆయన్ను ఏదో అడిగాడు. ఆయన వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. గొడుగు కింద పడింది. వాడు గొడుగు తీసి ఇచ్చి, కోఠి బస్సు ఎక్కడ ఆగుతుందని మళ్ళీ అడిగాడు. ఆయన చెయ్యి వదిలేసి, దారి వివరంగా చూపించాడు. అవతల శశికిరణ్ ఫోను అప్పటికే ముఖం ఎత్తుకు లేపి ఉంది.

డోర్కాస్ చేతిలోని పత్రికను గుట్ట మీద పెట్టి నడిచింది.

"ఏంది బిడ్డా, నువ్వు గీడ? చర్చికి పోలేదా?"

"పోయొచ్చిన సార్."

"మంచిగైంది. నువ్వు గూడ ఉండు. నా ఉత్తరాలన్ని రాసినదానివి నువ్వే గద. ఆయనొస్తే చూపిస్త."

"ఆయన రాడు సార్."

"నీకెట్ల తెలుసు? వస్తనని పెట్టిండు గద."

"గా మాట నేనే పెట్టిన. మొదట్నుంచి అన్నీ నేనే పెట్టిన. కోస్తా కుర్రోడనేటోడు లేడు సార్."

 గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. వెనక పుస్తకాలవాడు ఏది తీసుకున్నా ఇరవై అని అరుస్తున్నాడు.

"పోరడు?" అని అడిగాడు.

"పోరడు గూడ నేనే."

"కరక్కాయ?"

"ఔ సార్."

"అంటే, నేను చెప్తుంటె నువ్వే రాసుకొని, మళ్ళ నువ్వే జవాబిచ్చుకున్నవ్."

"ఔ సార్."

"మరి నడుమ నేనెందుకు బిడ్డా?"

కోప్పడుతున్నట్టు అడగలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. ఆమె చెప్పుల వంక చూసుకుంటూ, గొడవైతే జనం వస్తారని, జనం వస్తే ప్రకటనలకు పైసలు వస్తాయని, అందులోంచే తన జీతమని చెప్పింది. ఆయన విన్నాడు. ఆయనకు అందులో సగం అర్థమైందో లేదో.

"గా కుక్క గూడ లేదన్న ముచ్చట. అది గూడ నువ్వు పుట్టించిందేనా?"

"అది పుట్టించలే సార్. విన్న."

"ఎవరి దగ్గర?"

డోర్కాస్ రోడ్డు అవతలికి చూసింది. ఆమె చూపు వెంట ఆయనా చూశాడు. స్కూటరు మీద కూర్చున్న శశికిరణ్ ఫోను దించడం మరిచిపోయి అట్లాగే ఉన్నాడు.

"మా సార్ దగ్గర. వాళ్ళ తాత యాభై ఆరుల వచ్చిండంట."

వెంకటనర్సయ్య గొడుగు అడ్డంగా ఎత్తి, వస్తున్న బస్సును ఆపినంత పని చేసి రోడ్డు దాటాడు. డోర్కాస్ వెనకే పరుగెత్తింది. శశికిరణ్ స్కూటరు దిగాడు. పారిపోవడానికి అది అతని స్కూటరు కాదు.

"అంకుల్, అది ఊరికే సరదాకి..."

"సరదా సంగతి తర్వాత చూద్దాం బాబూ. మీ తాత యాభై ఆరుల వచ్చిండంట, నిజమేనా?"

"అవునండి."

"ఏ ఆఫీసుల చేసిండు?"

"రెవెన్యూ అనుకుంటానండి."

"పేరు?"

"రామచంద్రమూర్తి గారు."

ఆయన గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. తల అడ్డంగా ఊపాడు. "మస్తు మంది రామచంద్రమూర్తులుండె. నా కాడికి పేరు వస్తుండె గాని మనిషి రాకపోతుండె," అన్నాడు. తర్వాత, "దా, కాఫీ తాగు. పిలిచినోణ్ణి నేను," అన్నాడు.

సందు మొదట్లో టీ బండి. కాఫీ లేదు. ముగ్గురికీ చాయే చెప్పాడు. శశికిరణ్ గ్లాసు పట్టుకుని ఎటు చూడాలో తెలియక మెడ రుద్దుకుంటున్నాడు.

"మరి నువ్వు చెప్పు బాబూ. రాష్ట్రం రెండు కావాల్నా, ఒద్దా?"

"ఏదైతే ఏంటండీ," అన్నాడు శశికిరణ్ నీరసంగా. "అద్దె కట్టుకుని సెంటరు నడిస్తే చాలు నాకు."

వెంకటనర్సయ్య డోర్కాస్ వైపు తిరిగాడు. "గీయన తరఫున నువ్వు మస్తుగ కొట్లాడినవ్ బిడ్డా. గీయనకే పట్టింపు లేకపాయె." ఒక గుక్క తాగాడు. "నీది ఏం మాట? నీ సొంతానిది."

ఎవరైనా అడిగితే బాగుండునని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అడిగితే ఏదో ఒకటి ఉంటుందనే అనుకుని లోపల వెతికింది. కోస్తా కుర్రోడి మాట దొరికింది, గోల్కొండ పోరడి మాట దొరికింది. రెండూ రాసేటప్పుడు నిజమనే రాసింది.

"తెల్వదు సార్. రెండు దిక్కుల రాసి రాసి, నాదేందో మర్చిపోయిన."

"గది మంచిగ లేదు," అన్నాడాయన. తిట్టిన దానికంటే ఆ మాటే ఎక్కువ తగిలింది.

ఆయన గ్లాసు సగంలోనే బండి మీద పెట్టి, ముగ్గురి పైసలూ ఇచ్చేశాడు.

"రేపొస్తరా సార్?"

"ఎందుకు బిడ్డా? గాడ నువ్వొక్కదానివే ఉంటివి. నీకు చెప్పాల్సింది నీ పక్కన కూసొని చెప్పిన గద." గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "మా ఊరి ముచ్చట ఇంట్ల గూడ చెప్పలే నేను. గా కుర్రోడికి చెప్తున్న అనుకొని చెప్పిన."

అంతే. నాంపల్లి వైపు నడుచుకుంటూ పోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. షట్టర్ల ముందు జనంలో తెల్ల చొక్కా కొంతసేపు కనిపించి, తర్వాత ఏది ఆయనదో తెలియకుండా పోయింది.

శశికిరణ్ చల్లారిన చాయ ఒక్క గుక్కలో తాగేశాడు.

"చెప్పేముందు నాకొక మాట చెప్పాల్సింది," అన్నాడు.

"చెప్తే ఒద్దనేవారు సార్."

"అనేవాణ్ణే." గ్లాసు బండి మీద పెట్టాడు. "ఇప్పుడేం చేద్దాం మరి? సర్క్యులర్ తాత లేకపోతే ఆ గొడవ చూడ్డానికెవడొస్తాడు?"

"కౌంటర్లో కూర్చోమంటే కూర్చుంటా సార్. రాయడానికి మాత్రం ఇంకెవరినైనా చూసుకోండి."

"ఒక్క కౌంటరు పనికి అంత జీతం ఇవ్వలేను. నీకూ తెలుసు."

"తెలుసు సార్."

అతను జేబులోంచి ఫోను తీసి మీటలు నొక్కాడు. తెరమీద ఒక ఫొటో వచ్చింది. సంచి కుర్రాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వెంకటనర్సయ్య నవ్వుతున్నాడు. గొడుగు ఇంకా గాలిలోనే ఉంది, కిందికి పడుతూ.

"బాగానే వచ్చింది," అన్నాడు శశికిరణ్. ఆ గొంతులో ఉత్సాహం లేదు. సిగ్గు ఉందేమో, అదీ పూర్తిగా లేదు. చాలాసేపు దాన్నే చూసి, ఫోను ఆమె చేతికిచ్చాడు. "నా వల్ల కాదు. నువ్వే తీసెయ్."

డోర్కాస్‌కు ఆ ఫోను అలవాటు లేదు. మీట వెతికి నొక్కింది. నిజంగానే తీసెయ్యాలా అని ఫోను ఇంకోసారి అడిగింది. ఔనని నొక్కింది. దాని వెనక ఇంకొకటి వచ్చింది, ఖాళీగా నిలబడి ఉన్న ముసలాయన. దాని వెనక ఇంకొకటి. మొత్తం పదకొండు ఉన్నాయి. తీరిగ్గా, ఒక్కొక్కటే, ప్రతిసారీ ఫోను అడిగినదానికి జవాబు చెబుతూ తీసేయసాగింది.